హెచ్ఐవీతో బతికేవాళ్ళకు నడుము, షుగర్, సీడీ4 లెక్క: ఒక టైలరు రాసుకున్న దారి

పోయిన వేసవిలో గుత్తిలో పెళ్ళికి పోతే మా మేనత్త నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా, బాగా ఒళ్ళు చేసినావే! ఇప్పుడు చూస్తే మనిషి మాదిరి ఉండావు" అనింది. ఆమెకు నా జబ్బు సంగతి తెలీదు. తెలిసిన మా అమ్మ మాత్రం పక్కన కూర్చుని మురిసిపోయింది. 2011లో నేను హెచ్ఐవీ మందులు మొదలుపెట్టినప్పుడు 44 కిలోలు, సీడీ4 (అంటే రక్షణ కణాల లెక్క) 168. ఎవరైనా చిక్కిపోతే చాలు, "ఆ జబ్బేమో" అని గుసగుసలు పోయే రోజులవి. అందుకే మాలాంటివాళ్ళకు పొట్ట పెరిగితే భయం వేయదు, ధైర్యం వస్తుంది. పొట్ట ఉన్నవాణ్ణి ఎవరూ అనుమానించరు కదా.

ఆ ధైర్యంతోనే నేను 78 కిలోల దాకా పోయినా. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అదుపులో ఉంది, సీడీ4 ఆరు వందలు దాటింది, ఇంక నాకేం అనుకున్నా. పరగడుపున షుగర్ 162 అని కాగితం చేతికొచ్చిన రోజున తెలిసింది, నేను లెక్క పెట్టుకుంటున్న అంకెలు సగమేనని. మిగతా సగం ఎట్లా లెక్క పెట్టుకోవాలో కింద రాస్తున్నా. నేను డాక్టరును కాను. అనంతపురం పాతూరులో టైలరును. మందులు మార్చడం, డోసు తగ్గించడం డాక్టరు పని. అంకెలు రాసుకోవడం, అడగాల్సింది అడగడం మన పని.

1. పచ్చ పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు

హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే పచ్చ పుస్తకంలో బరువు, సీడీ4, వైరల్ లోడ్, మందుల వివరాలు ఉంటాయి. అది వాళ్ళకోసం రాసేది. మీకోసం ఇరవై రూపాయల నోటుబుక్కు ఒకటి కొనుక్కోండి. పేజీకి అడ్డంగా గీతలు కొట్టి తేదీ, బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగర్, తిన్నాక షుగర్, కొవ్వు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్, సీడీ4, వైరల్ లోడ్ అని గళ్ళు పెట్టుకోండి. అన్ని గళ్ళూ ప్రతిసారీ నిండవు, ఖాళీగా ఉంటే ఉండనీయండి. ఏ గడి ఏడాదిగా ఖాళీగా ఉందో కనబడటమే దీని ఉపయోగం. నా పాత పుస్తకం తిరగేస్తే నాలుగేళ్ళు బరువు గడిలో అంకె పెరుగుతూనే ఉంది, షుగర్ గడిలో ఒక్క అంకె లేదు. ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు.

నోటుబుక్కు మీద జబ్బు పేరు రాయాల్సిన పనిలేదు. నాదాని మీద "కొలతలు" అని ఉంటుంది. టైలరు కొట్టులో ఆ పేరుకు ఎవరు అనుమానపడతారు?

2. ముందు రోగనిరోధక శక్తి అంకెలు చదవడం

రెండే రెండు. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందని. సీడీ4 అంటే ఆ వైరస్ తినేసే రక్షణ కణాలు ఇప్పుడెన్ని ఉన్నాయని. మందు పనిచేస్తోందా లేదా అన్నది వైరల్ లోడ్ చెబుతుంది. మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. వెయ్యి దాటితే గాబరాపడి మందు మార్చమని అడగొద్దు. ముందు కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టి బిళ్ళలు ఎక్కడ తప్పుతున్నాయో చూస్తారు, మూడు నెలలు సరిగ్గా వేసుకున్నాక మళ్ళీ పరీక్ష చేస్తారు. రక్తంలో వైరస్ కనబడని స్థాయికి దిగి అక్కడే నిలిస్తే, కలయిక ద్వారా ఇంకొకరికి అంటదు. పెళ్ళయినవాళ్ళు ఈ మాట ఇద్దరూ కలిసి కూర్చుని వినాలి.

సీడీ4 మామూలు మనుషుల్లో 500 పైన ఉంటుంది. 200 లోపు ఉంటే జబ్బు ముదిరినట్టు లెక్క. ఆ దశలో క్షయ, మెదడు పొరలకు వచ్చే క్రిప్టోకాకస్ లాంటివి పొంచి ఉంటాయి కాబట్టి వాటికి పరీక్షలు చేస్తారు. 350 లోపు ఉన్నవాళ్ళకు వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా సెప్ట్రాన్ బిళ్ళ కూడా ఇస్తారు. క్షయ రాకుండా ముందుగానే ఇచ్చే మందుల కోర్సు వేరే ఉంది. మీరు వేసుకున్నారో లేదో పుస్తకంలో చూసుకుని, లేకుంటే అడగండి.

సీడీ4 గురించి మావాళ్ళు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. పోయినసారి 612, ఈసారి 540, ఇంక అయిపోయిందని నాకు అర్ధరాత్రి ఫోన్ చేసిన తమ్ముడు ఒకడున్నాడు. జలుబు చేసినా, రక్తం తీసిన వేళ మారినా ఈ అంకె కదులుతుంది. వైరల్ లోడ్ అదుపులో ఉంటే డెబ్బై తగ్గితే కొంప మునగదు. అందుకే సీడీ4 350 దాటి వైరల్ లోడ్ అణిగి ఉన్నవాళ్ళకు ఇప్పుడు సీడీ4 పదేపదే చేయరు. నిర్లక్ష్యం చేస్తున్నారని పోట్లాడొద్దు. ఆ శక్తి షుగర్ పరీక్ష అడగడానికి దాచుకోండి.

3. టేపు పట్టడం

ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతా.

"నా నడుము ముప్పైనాలుగే" అంటారు అందరూ. అది ప్యాంటు సైజు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు పొట్ట కిందికి జారుతుంది, సైజు మాత్రం మారదు. ముప్పైనాలుగు ప్యాంటు వేసుకునే మనిషికి బొడ్డు దగ్గర టేపు పడితే ముప్పైతొమ్మిది రావడం నేను రోజూ చూస్తా. నాకూ అంతే వచ్చింది.

చొక్కా తీసేసి నిలబడండి. పక్కటెముకల్లో చివరిదాన్ని వేలితో తడిమి చూడండి, తుంటి ఎముక పై అంచునూ తడమండి. ఆ రెండింటికీ నడిమధ్య టేపు చుట్టండి. వెనకవైపు టేపు కిందికి జారకుండా అద్దంలో చూసుకోండి. పొట్ట లోపలికి లాగొద్దు, ఊపిరి మామూలుగా వదిలి ఆ చివర అంకె చూడండి. టేపు ఒంటికి తగలాలి, చర్మాన్ని నొక్కకూడదు. రెండుసార్లు కొలవండి. మన దేశపు ఒళ్ళకు గీత ఇది: మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పైఐదున్నర అంగుళాలు. ఆడవాళ్ళకు 80, అంటే ముప్పైఒకటిన్నర. అది దాటితే కొవ్వు చర్మం కింద మాత్రమే లేదు, లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరుతోందని అర్థం.

బరువు నెలకోసారి, ఒకే తూకం మీద, పొద్దున్నే చూసుకోండి. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. మనకు 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. నాది 28 దాటింది.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. ఇది ఆ కొత్త బిళ్ళ వల్లనేనా? ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన ఒకే బిళ్ళ. డోలుటెగ్రవిర్‌తో కొందరు బరువు పెరుగుతారన్నది నిజమే. దక్షిణాఫ్రికాలో చేసి 2019లో అచ్చువేసిన అడ్వాన్స్ అధ్యయనంలో ఇది బాగా కనబడింది, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. కానీ పెరిగిన ప్రతి కిలోనూ బిళ్ళ నెత్తిన రుద్దలేం. జబ్బు తినేసిన ఒళ్ళు తిరిగి కోలుకోవడం కొంత, మన సంగటి ముద్ద కొంత. పాత మందుల్లో స్టావుడిన్ అయితే బుగ్గల్లో, కాళ్ళలో కొవ్వు కరిగించి మనిషిని చూడగానే పట్టించేది. ఆ రోజులు చూసినవాళ్ళెవరూ టీఎల్‌డీని తిట్టరు.

ఒళ్ళు పెరుగుతోందని బిళ్ళ ఆపడం మాత్రం అన్నిటికన్నా పెద్ద తప్పు. స్మార్ట్ అనే పెద్ద అధ్యయనం 2006లో ఈ సంగతే తేల్చింది. సీడీ4 బాగుంది కదా అని మందులు మధ్యలో ఆపినవాళ్ళలో చావులు పెరిగాయి, గుండెజబ్బులూ పెరిగాయి. కామెర్ల బి వైరస్ కూడా ఉన్నవాళ్ళు ఆపితే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు.

4. షుగర్, బీపీ, కొవ్వు పరీక్షలు

ఇవి ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడగండి. అక్కడ కుదరకపోతే ఊళ్ళో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో పెద్ద ప్రభుత్వాసుపత్రులు ఉండనే ఉన్నాయి. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి హెచ్ఐవీ వైద్యానికి మొదట్నుంచీ పేరున్న చోటు.

షుగర్ పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా హెచ్చరిక. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగర్ ఉన్నట్టే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఒకటుంది కదా, దాని విషయంలో నేను మోసపోయినా. ఒక ప్రైవేటు క్లినిక్‌లో అది 6.1 వచ్చింది, "అంచులో ఉన్నావు, పరవాలేదు" అన్నారు. పరగడుపు రక్తం చూడమని నేనూ అడగలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా జిడోవుడిన్, అబాకవిర్ లాంటి హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళలో, ఆ పరీక్ష అసలు కన్నా తక్కువ చూపించవచ్చు. అందుకని పరగడుపు పరీక్ష తప్పక ఉండాలి. టీఎల్‌డీ తినకముందు వేసుకున్నా, తిన్నాక వేసుకున్నా పనిచేస్తుంది కాబట్టి రక్తం ఇచ్చే రోజున బిళ్ళ మానాల్సిన అవసరం లేదు.

డోలుటెగ్రవిర్ మొదలుపెట్టిన కొత్తల్లో ఆగని దాహం, రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకు లేవడం, ఉన్నట్టుండి చిక్కడం కనబడితే వచ్చే తేదీదాకా ఆగొద్దు. ఆ రోజే షుగర్ చూపించుకోండి. కొద్దిమందిలో అది చాలా వేగంగా పెరుగుతుంది.

బీపీ చూపించుకునే ముందు అరగంట టీ, బీడీ వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి. 140/90 వేర్వేరు రోజుల్లో రెండుసార్లు వస్తే మందు మాట ఎత్తాల్సిందే. కొవ్వు పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, మంచి కొవ్వు (హెచ్‌డీఎల్) మగవాళ్ళలో 40, ఆడవాళ్ళలో 50 కన్నా పైన ఉండాలి.

నలభై దాటినవాళ్ళు కొవ్వు తగ్గించే బిళ్ళ గురించి డాక్టరును ఒక మాట అడగండి: "సార్, నాకు స్టాటిన్ బిళ్ళ అవసరమా?" 2023లో వచ్చిన రిప్రీవ్ అధ్యయనంలో మన దేశంవాళ్ళతో సహా 7,769 మంది హెచ్ఐవీ ఉన్నవాళ్ళను చూశారు. అందరూ 40 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళు, పెద్దగా గుండె ముప్పు లేనివాళ్ళు. రోజూ పిటావాస్టాటిన్ అనే స్టాటిన్ బిళ్ళ వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి.

పెద్ద ముప్పు లేనివాళ్ళకు కూడా ఎందుకు పనిచేసింది? ఇక్కడే షుగర్ లెక్క, సీడీ4 లెక్క కలుస్తాయి. హెచ్ఐవీ ఒంట్లోకి రాగానే మొదట దెబ్బకొట్టేది పేగుల గోడలో కాపలా కాసే సీడీ4 కణాలను. ఆ గోడకు చిల్లులు పడి పేగుల్లోని బాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి కారుతుంటాయి. మందుతో వైరస్ అణిగినా ఆ గోడ పూర్తిగా పూడదు. రక్షణ వ్యవస్థ ఏళ్ళ తరబడి నిద్రపోకుండా కాపలా కాస్తూనే ఉంటుంది. బూడిద కింద కుంపటి మాదిరి ఆ వేడి రక్తనాళాలను పాడుచేస్తుంది, ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది. పొట్టలో చేరిన కొవ్వు దానంతటది ఇంకో కుంపటి. రెండూ కలిసి ఒకదాన్నొకటి రాజేస్తాయి. పైగా షుగర్ ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే ముప్పు మిగతావాళ్ళ కన్నా రెండు మూడింతలు. హెచ్ఐవీ ఎలాగూ ఆ ముప్పు పెంచే ఉంచింది. కాబట్టి షుగర్ తగ్గించుకోవడం కూడా రోగనిరోధక శక్తిని కాపాడుకునే పనే.

మందులు చాలా ఆలస్యంగా, సీడీ4 బాగా పడిపోయాక మొదలుపెట్టిన నాబోటివాళ్ళలో ఈ కుంపటి ఇంకా ఎక్కువ రగులుతుంది. అందుకే పరీక్షలో పాజిటివ్ అని తెలిసిన వెంటనే మందు మొదలుపెట్టమనేది. మన దేశంలో 2017 నుంచి సీడీ4 ఎంతున్నా మందు ఇస్తున్నారు.

5. ఏ బిళ్ళకు ఏ బిళ్ళ పడదో తెలుసుకోవడం

షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను డోలుటెగ్రవిర్ ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. అందుకే రెండూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనీయరు. షుగర్ డాక్టరుకు ఈ బిళ్ళ సంగతి చెప్పకుంటే ఆయన 2000 రాయొచ్చు.

కాల్షియం, ఐరన్, అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందులను డోలుటెగ్రవిర్‌తో కలిపి మింగితే డోలుటెగ్రవిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే అన్నంతో కలిపి ఒకేసారి వేసుకున్నా సరే. గర్భిణులకు ఇది చాలా ముఖ్యం. ఆశా వర్కరు ఇచ్చే ఐరన్ బిళ్ళను మా చెల్లెలి వరసామె ఒకావిడ టీఎల్‌డీతో కలిపి రోజూ ఖాళీ కడుపున మింగేది. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రవిర్ రోజుకు రెండుపూటలు అవుతుంది. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరస మందుల్లో రిటోనవిర్ ఉన్నవాళ్ళు సింవాస్టాటిన్ అసలు వేసుకోకూడదు, కీళ్ళలోకి వేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్లూ అడక్కుండా వేయించుకోకూడదు.

మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో వేసే నొప్పి ఇంజెక్షను సంగతి. మిషన్ తొక్కి తొక్కి నాకు మోకాళ్ళు పట్టేస్తే ఒక ఆర్‌ఎంపీ దగ్గర వారం రోజులు వరసగా డైక్లోఫెనాక్ పొడిపించుకున్నా. క్రియాటినిన్ 1.0 నుంచి 1.9కి పోయింది. టెనోఫోవిర్ కిడ్నీ మీద భారం వేసే మందే, దానికి నొప్పి మందు తోడైతే అంతే మరి. డోలుటెగ్రవిర్ మొదలుపెట్టిన నెలలో క్రియాటినిన్ కాస్త, 0.1 నుంచి 0.2 దాకా, పెరిగి అక్కడ ఆగితే అది కిడ్నీ పాడవడం కాదు, లెక్కలో తేడా మాత్రమే. అంతకు మించి పెరిగినా, ఆగకుండా పెరుగుతూ పోయినా భయపడాలి. సీడీ4 పెంచుతామంటూ అమ్మే పసర్లు, పొడుల జోలికి పోవద్దని వేరే చెప్పాలా?

వేరే డాక్టరుకు చెప్పాలంటే భయమా? 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదు, ఈ జబ్బుందని వైద్యం నిరాకరించకూడదు. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నోరారా చెప్పలేకపోతే బిళ్ళల పేర్లు కాగితం మీద రాసి చేతికివ్వండి, డాక్టరుకు అర్థమవుతుంది.

6. తిండి

మా ఇంట్లో సంగటి ముద్దను ఒకరోజు పక్కనున్న కిరాణా కొట్లో తూచి చూసినా. ఒక్కటి 460 గ్రాములు. రాత్రికి రెండు లాగించేవాణ్ణి. రాగి షుగర్‌కు మంచిదని అందరూ అంటారు, కానీ ఆ ముద్దలో సగం బియ్యమే. బియ్యం తగ్గించి, ముద్ద సైజు పిడికిలంత చేసి, పక్కన ఆకుకూర పప్పు రెట్టింపు పెట్టుకున్నాక తేడా కనబడింది. జొన్న రొట్టె, కొర్రన్నం మార్చి మార్చి తినొచ్చు, అవీ కొలతతోనే.

మాంసకృత్తులు తగ్గనీయొద్దు. ఒళ్ళు తగ్గాలని పస్తులుంటే ముందు కండ కరుగుతుంది, మనకది మంచిది కాదు. గుడ్డు, పప్పు, ఉలవలు, పెరుగు, వారానికోసారి చేప. శెనక్కాయలు మన నేల పంటే, ఉడకబెట్టి గుప్పెడు తింటే మంచిది. ఊరిబిండి పేరుతో రొట్టెకు దట్టించి నూనె పోసుకుంటే లెక్క మారిపోతుంది. ఉగ్గాని, బజ్జీ పొద్దున టిఫినుగా వారంలో ఒకసారికి దింపుకున్నా. బొరుగులు నోట్లో కరిగినంత వేగంగా షుగర్‌ను ఎక్కిస్తాయి, నేను షుగర్ కొలిచే మిషన్‌తో చూసినా. చీనీకాయ తొనలు ఒలుచుకుని తినండి, జ్యూస్ వద్దు. ఎండాకాలం నన్నారి షర్బత్ బదులు మజ్జిగ.

అన్నిటికన్నా ఎక్కువ చక్కెర ఒంట్లోకి పోయింది టీలో. కొట్లో కూర్చుంటే గిరాకీ వచ్చినప్పుడల్లా ఒక టీ. రోజుకు ఆరు. గ్లాసుకు రెండు చెంచాలు వేసుకుంటే పన్నెండు చెంచాల చక్కెర! దాన్ని రెండు టీలకు దింపి, చక్కెర మానడానికి రెండు నెలలు పట్టింది. నెలన్నర మా ఆవిడ నా మొహం చూడలేకపోయింది.

7. కదలిక, నిద్ర, బీడీ

రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు, మాట్లాడగలిగీ పాట పాడలేనంత వేగంగా నడవాలి. కాలితో తొక్కే మిషన్‌కు మోటారు పెట్టించుకున్న ఏడాదే నా పొట్ట ఎక్కువ పెరిగింది. నీళ్ళ బిందె మోయడమైనా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడమైనా, కండలకు బరువు పడే పని వారంలో రెండుసార్లు ఉండాలి. బీడీ మానండి. మందు ఆపకుండా వేసుకునేవాళ్ళ ఆయుష్షును హెచ్ఐవీ కన్నా పొగాకే ఎక్కువ తింటుంది. సారా సంగతి మీకే తెలుసు. తాగిన రాత్రే బిళ్ళ మరిచిపోతాం.

8. చిక్కేటప్పుడు

అన్నిటికన్నా చిక్కు ఇక్కడే. రెండు రకాలుగా చిక్కుతాం.

ప్రయత్నం లేకుండా చిక్కినా, దగ్గు, జ్వరం, రాత్రి చెమటల్లో ఏ ఒక్కటి ఉన్నా, క్షయ పరీక్షకు వెంటనే పోవాలి. ఒక్కసారిగా చూపు మసకబారడం, ఆగని తలనొప్పి, ఎడమ చేతికి పాకే ఛాతీ నొప్పి, మాట తడబడటం ఉంటే ఏఆర్‌టీ తేదీ కోసం ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి. అనుమానాలు అడగడానికి 1097 హెల్ప్‌లైన్ ఉంది, పేరు చెప్పాల్సిన పనిలేదు.

మనమే తగ్గించుకుంటే నెలకు ఒకటి రెండు కిలోలు చాలు. నేను ఏడాదిలో 78 నుంచి 70కి వచ్చినా. నడుము ముప్పైతొమ్మిది నుంచి ముప్పైఆరు, ఇంకా అరంగుళం ఉంది. పరగడుపు షుగర్ మెట్‌ఫార్మిన్‌తో 112. అయితే చిక్కడం మొదలయ్యాక చూసినవాళ్ళంతా అడుగుతారు. నాలుగో కిలో దగ్గర నేను భయపడి మళ్ళీ రెండు ముద్దలకు పోయినా కూడా. కౌన్సిలర్ మేడమ్‌తో ఆ మాట అంటే ఆమె నవ్వి, "అన్నా, నీకు షుగర్ ఉంది కదా, అదే చెప్పు" అన్నారు. ఇంత సులువైన మాట నాకు తట్టలేదు.

మొన్న ఉగాదికి మేనత్త వచ్చింది. "ఏమప్పా, ఇంత చిక్కినావు?" అనింది. "షుగర్ వచ్చిందత్తా, డాక్టరు తగ్గమన్నాడు" అన్నా. ఆమె కొంగుముడి విప్పి తన షుగర్ బిళ్ళ చూపించి, నాది ఎంత పవరని అడిగింది.